గొర్రెపిల్లల ఎదుగుదల, మాంసం నాణ్యతపై పశుగ్రాసాల ప్రభావం – శంషాబాద్ పరిసర రైతులకు సూచనలు

శంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. దాని కోసం తీసుకున్న భూమి సుమారు 5,500 ఎకరాలు. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు వెంట వెంచర్లు, ఫంక్షన్ హాళ్లు, గోదాములు వచ్చాయి. శంషాబాద్, మహేశ్వరం, కొత్తూరు మండలాల్లో మందలు తిరిగే బీళ్లు, చెరువు శిఖాలు, పంట కోసిన చేలు ఏటేటా తగ్గుతున్నాయి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు పంపిణీ అయ్యాయి. జీవాలు వచ్చాయి గాని, మేపే జాగా పెరగలేదు.

మరోవైపు ఈ ప్రాంతానికి ఉన్న మార్కెట్ అవకాశం దూరపు జిల్లాలకు లేదు. జియాగూడ సంత దగ్గరే ఉంది. బక్రీద్, బోనాలు, దసరా పండుగలకు, పెళ్లిళ్ల కాలానికి కొనుగోలుదారులు ఊర్లోకే వస్తారు. కాబట్టి ఇక్కడి చిన్న రైతు ముందున్న ప్రశ్న ఒక్కటే: మంద అమ్ముకోవాలా, లేక ఉన్న కొద్ది భూమిలో సరైన మేత పెంచి తక్కువ జీవాలనే ఎక్కువ బరువుకు తేవాలా? రెండో దారి ఎంచుకునేవారికి ఈ వ్యాసం. ఏ మేత పిల్లల బరువును ఎంత మారుస్తుంది, కోసిన తర్వాత మాంసాన్ని ఎలా మారుస్తుంది, పది గుంటల్లో ఏం చేయవచ్చు అన్నవి ఇక్కడ వివరిస్తున్నాం.

కడుపు నిండడం వేరు, ఎదగడం వేరు

చాలామంది పెంపకందారులు పిల్ల డొక్క నిండిందా లేదా అని చూసి మేత సరిపోయిందనుకుంటారు. వరిగడ్డితోనూ, ఎండిన బోదగడ్డితోనూ డొక్క నిండుతుంది. కాని కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. మూడు నెలలు దాటిన పిల్ల తినే మొత్తం మేతలో, తేమ తీసేసి లెక్కిస్తే, 12 నుంచి 14 శాతం మాంసకృత్తులు ఉండాలి. మన దగ్గర దొరికే మేతల్లో అవి సుమారుగా ఇలా ఉంటాయి (తేమ లేని లెక్కన):

– వరిగడ్డి: 3 శాతం
– జొన్న చొప్ప: 4 శాతం
– హైబ్రిడ్ నేపియర్ (కో-4 వంటివి): 8 నుంచి 10 శాతం
– వేరుశనగ కట్టె: 9 నుంచి 11 శాతం
– స్టైలో: 12 నుంచి 15 శాతం
– అలసంద పచ్చిమేత: 15 నుంచి 18 శాతం
– దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్), లూసర్న్: 18 నుంచి 20 శాతం
– సుబాబుల్, అవిశ ఆకు: 20 శాతం పైన

ఈ పట్టిక చూస్తే ఒక విషయం తెలుస్తుంది. గడ్డిజాతి మేతలు కడుపు నింపుతాయి, పప్పుజాతి మేతలు కండ పెంచుతాయి. రెండూ కలిస్తేనే పిల్ల ఎదుగుతుంది.

లెక్క వేసి చూద్దాం

పిల్ల రోజుకు తన బరువులో సుమారు 4 శాతం పొడి మేత తింటుంది. 15 కిలోల పిల్లకు 600 గ్రాములు. అందులో 13 శాతం అంటే 78 గ్రాముల మాంసకృత్తులు అందాలి.

ఒక్క జొన్న చొప్ప మీదే ఉంచితే 600 గ్రాములకు వచ్చేది 24 గ్రాములే. పైగా ముతక చొప్పను పిల్ల అంత తినలేదు.

ఒక్క నేపియర్ గడ్డి మేపితే 3 కిలోల పచ్చిగడ్డిలో 600 గ్రాముల పొడి మేత ఉంటుంది. దానిలో మాంసకృత్తులు 48 గ్రాములు. డొక్క నిండుగా కనిపిస్తుంది, ఎదుగుదల మాత్రం నెమ్మదిగా ఉంటుంది. మందకు సరిపడా సూపర్ నేపియర్ వేశాం, అయినా పిల్లలు పెరగడం లేదు అనే రైతుల సమస్యకు కారణం తరచుగా ఇదే.

కిలో పచ్చి దశరథ గడ్డి, 200 గ్రాముల నరికిన జొన్న చొప్ప, 150 గ్రాముల దాణా ఇస్తే మొత్తం మాంసకృత్తులు 78 గ్రాముల దాకా వస్తాయి. అంటే అవసరం తీరింది.

పిల్ల 20 కిలోలు దాటాక ఇదే మేతకు కిలో నేపియర్ చేర్చి, చొప్పను 250 గ్రాములకు, దాణాను 200 గ్రాములకు పెంచితే సరిపోతుంది.

బయట అరకొరగా మేసి వచ్చే పిల్లలు సాధారణంగా రోజుకు 40 నుంచి 60 గ్రాములు పెరుగుతాయి. పప్పుజాతి మేత, కొద్దిపాటి దాణా అందితే అవే పిల్లలు 100 గ్రాముల దాకా పెరగగలవు. మూడు నెలల వయసులో 12 కిలోలున్న పిల్లను 120 రోజులు పెంచామనుకుందాం. రోజుకు 50 గ్రాములైతే 18 కిలోలు, 100 గ్రాములైతే 24 కిలోలు అవుతుంది. తేడా 6 కిలోలు. దీనికి మొదటి 60 రోజులు 150 గ్రాములు, తర్వాత 60 రోజులు 200 గ్రాముల చొప్పున 21 కిలోల దాణా పడుతుంది. అంటే కిలో అదనపు బరువుకు మూడున్నర కిలోల దాణా, 20 కిలోల పచ్చి దశరథ గడ్డి. మీ ఊరిలో ఈ రెండింటి ఖర్చు, కూలీతో కలిపి, కిలో బతికున్న బరువు ధర కంటే తక్కువైతే లాభం. ఎక్కువైతే దాణా తగ్గించి ఆకుమేత పెంచాలి.

ఒకే మేతలోనూ తేడా ఉంటుంది

వేరుశనగ కట్టె అంటే అంతా ఒకటే అనుకోకూడదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు భాగస్వాములైన ఒక పరిశోధన 2010లో ప్రచురితమైంది. అందులో 10 వేరుశనగ రకాల కట్టెను విడివిడిగా, వేరే మేత ఏదీ లేకుండా, గొర్రెలకు మేపి చూశారు. రోజువారీ పెరుగుదల ఒక రకంతో 65 గ్రాములు ఉంటే మరో రకంతో 137 గ్రాముల దాకా ఉంది. అంటే రకాన్ని బట్టే పెరుగుదల రెట్టింపు అయింది. కాబట్టి కాయ దిగుబడితో పాటు కోత దాకా ఆకు పచ్చగా నిలిచే రకాలను ఎంచుకుంటే గింజా దక్కుతుంది, మేతా దక్కుతుంది. తిక్క ఆకుమచ్చ తెగులుతో ఆకు రాలిపోయిన కట్టెలో మిగిలేది పుల్లలే. అయితే ఆ తెగులుకు మందు కొట్టిన చేను కట్టెను డబ్బా మీద రాసిన గడువు దాటాకే మేపాలి. వానకు తడిసి నల్లబడి బూజు పట్టిన కట్టె పిల్లలకు వేయకూడదు.

జొన్న చొప్ప విషయంలోనూ ఇంతే. హైదరాబాద్ చొప్ప మార్కెట్‌లో శాస్త్రవేత్తలు పరిశీలించినప్పుడు, జీర్ణమయ్యే గుణం 47 శాతం ఉన్న చొప్పకూ 52 శాతం ఉన్న చొప్పకూ ధరలో సుమారు 25 శాతం తేడా కనిపించింది. అయిదు శాతం తేడాను వ్యాపారులు కంటితో, చేత్తో పట్టేసి ధర కడుతున్నారన్నమాట. మీరు కొనేటప్పుడూ ఆకు ఎక్కువగా, కాడ సన్నగా, తీపిగా ఉన్న చొప్పనే కొనండి. నరకకుండా వేస్తే మూడో వంతు దాకా తొక్కుడులో పోతుంది. అంగుళం ముక్కలుగా నరికి తొట్లలో వేయాలి.

మేత మాంసాన్ని ఎలా మారుస్తుంది?

1. చేతికొచ్చే మాంసం: ముతక మేతే తిన్న పిల్ల పొట్టలో మేత బరువు ఎక్కువ. అందుకే కోసినప్పుడు బతికున్న బరువులో మాంసం వాటా తగ్గుతుంది. 18 కిలోల పిల్లలో 44 శాతం, బాగా మేపిన 24 కిలోల పిల్లలో 47 శాతం ఎముకతో కూడిన మాంసం వచ్చిందనుకుంటే మొదటిదానికి 8 కిలోలు, రెండోదానికి 11 కిలోల పైన. అనుభవమున్న కసాయి నడుము మీద, తోక మొదట్లో చేయి వేసి చూసేది ఇందుకే. మీరూ అలాగే చూడండి. వెన్నుపూస ముళ్లు చేతికి మొనగా తగిలితే ఇంకా అమ్మే సమయం కాలేదు.

2. మెత్తదనం: దీన్ని ఎక్కువగా నిర్ణయించేది వయసు. మేత సరిపోయిన పిల్ల ఆరేడు నెలల్లో చేరే బరువుకు, మేత చాలని పిల్ల చేరడానికి ఏడాది పడుతుంది. ఆలోగా మాంసం ముదురుతుంది. మంచి మేత అంటే పరోక్షంగా లేత మాంసం.

3. రంగు, నిల్వ: పచ్చిమేతలో విటమిన్ ఇ ఎక్కువ. అది కండలో చేరి, కోసిన మాంసం ఎర్రదనం త్వరగా పోకుండా కాపాడుతుంది. ఎండుమేత, దాణా మీదే పెరిగిన జీవాల్లో ఈ రక్షణ తక్కువ.

4. కొవ్వు: పచ్చిమేత మీద పెరిగిన జీవాల కొవ్వులో ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల పాలు ఎక్కువ. గింజల దాణా ఎక్కువైతే కొవ్వు త్వరగా పడుతుంది, కాని అది మెత్తగా, జిడ్డుగా ఉండవచ్చు. బరువు కోసం మొక్కజొన్న ఒక్కటే కుమ్మరిస్తే కొనేవాళ్లు కోరని కొవ్వు వస్తుంది.

5. వాసన, రుచి: బయట మేసిన మాంసానికి ఒక ప్రత్యేకమైన రుచి ఉంటుంది. నాటు గొర్రె మాంసం కావాలని అడిగేవారు కోరేది దీన్నే. అయితే కూరగాయల మార్కెట్ నుంచి తెచ్చిన క్యాబేజీ, ముల్లంగి ఆకుల వ్యర్థాలు అదే పనిగా మేపితే మాంసానికి అక్కరలేని వాసన పట్టవచ్చు. ఒక్క లూసర్న్ మీదే పెంచినా వాసన ఘాటవుతుంది. అమ్మకానికి రెండు మూడు వారాల ముందు ఇలాంటివి ఆపి, గడ్డి, చొప్ప, కొద్దిపాటి దాణాకు మార్చాలి.

6. అమ్మకం రోజు: బెదిరి, ఆకలితో, ఎండలో లారీల్లో నలిగిన జీవం కండలో చక్కెర నిల్వలు ఖర్చయిపోతాయి. అలాంటి మాంసం నల్లగా, గట్టిగా ఉంటుంది, త్వరగా చెడుతుంది. నాలుగు నెలలు మేపిన కష్టం ఒక్క రోజులో పోకుండా, జియాగూడకు పంపేటప్పుడు చల్లని వేళలో, కిక్కిరిసి కాకుండా, నీళ్లు తాగించి పంపాలి.

పది గుంటల ప్రణాళిక

మన ఎర్ర చెల్కల్లో, బోరు నీరు కొద్దిగా ఉన్నచోట దశరథ గడ్డి చిన్న రైతుకు బాగా నప్పుతుంది. ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్లు కోయవచ్చు. లూసర్న్‌లాగా కడుపు ఉబ్బరం కలిగించే భయమూ తక్కువ.

– ఎకరాకు 8 కిలోలు, అంటే పది గుంటలకు 2 కిలోల విత్తనం.
– విత్తనం పైపెంకు గట్టిది. మరిగించి దించిన నీటిలో (సుమారు 80 డిగ్రీల సెల్సియస్) 4 – 5 నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చల్లని నీటిలో నానబెట్టి విత్తాలి. లేకపోతే మొలక పలచగా వస్తుంది.
– సాళ్ల మధ్య అడుగున్నర దూరం. మొదటి రెండు నెలలు కలుపు లేకుండా చూడాలి.
– మొదటి కోత 90 రోజులకు, తర్వాత ప్రతి 40 – 45 రోజులకు. నేల నుంచి అడుగున్నర ఎత్తు వదిలి కోయాలి.

ఎకరాకు ఏడాదికి 30 టన్నులే వచ్చినా, పది గుంటలకు ఏడున్నర టన్నులు. రోజుకు 20 కిలోలు. అంటే 20 పిల్లలకు తలా ఒక కిలో ఏడాది పొడవునా. మడిని 40 భాగాలు చేసుకుని రోజుకు ఒక భాగం కోస్తే మేత ఎప్పుడూ లేతగా దొరుకుతుంది.

నీటి వసతి లేనివారు వానాకాలం మొదట్లో గట్ల మీద, బీడులో ఎకరాకు 4 కిలోల స్టైలో విత్తనాన్ని ఇలాగే వేడినీటి శుద్ధి చేసి చల్లాలి. గట్ల వెంట అవిశ, సుబాబుల్ నాటితే ఎండాకాలంలోనూ ఆకు దొరుకుతుంది. వానాకాలం జొన్న లేదా మొక్కజొన్నలో అలసంద కలిపి వేస్తే చొప్ప విలువ పెరుగుతుంది.

విమానాశ్రయానికి ఆనుకుని మామిడిపల్లిలో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పశుగ్రాస కేంద్రం ఉంది. పశుగ్రాస విత్తనోత్పత్తి, ప్రదర్శనలు, రైతు శిక్షణ దాని పని. విత్తనం కొనే ముందు అక్కడికి వెళ్లి రకాలను కంటితో చూసి రండి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల, వ్యవసాయ విశ్వవిద్యాలయం, చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నాయి. చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. ఇన్ని సంస్థలు ఇంత దగ్గరగా ఉన్న మండలాలు రాష్ట్రంలో తక్కువ. వాటిని వాడుకోవాలి.

ఇంట్లో చేసుకునే దాణా (100 కిలోలకు)

మొక్కజొన్న నూక 40, వేరుశనగ చెక్క 22, తవుడు 24, కంది చున్నీ 10, ఖనిజ లవణ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1 కిలో. దీనిలో మాంసకృత్తులు 17 – 18 శాతం ఉంటాయి. సున్నపురాయి పొడి మానకూడదు. తవుడు, గింజల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఆ తేడా వల్ల పొట్టేలు పిల్లలకు మూత్రంలో రాళ్లు వచ్చి మూత్రం బిగుస్తుంది. చెక్కలో, మొక్కజొన్నలో బూజు ఉంటే పారేయడమే మేలు. బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

జాగ్రత్తలు

– మేత ఒక్కసారిగా మార్చవద్దు. 10 నుంచి 14 రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. ఒక్కసారిగా లేత పచ్చిక లేదా దాణా ఎక్కువైతే చిటుకు రోగంతో బలంగా ఉన్న పిల్లలే ముందు చనిపోతాయి. వానలకు ముందే టీకా వేయించాలి.
– ఫంక్షన్ హాళ్ల మిగులు అన్నం, బిర్యానీ మేపవద్దు. కడుపులో పులిసి, జీవాలు గంటల్లో కూలిపోతాయి. అందులో కలిసే ప్లాస్టిక్ కవర్లు మరో ప్రమాదం.
– పూతకు రాని లేత జొన్న, నీటి ఎద్దడికి వాడిన జొన్న, కోసిన తర్వాత వచ్చిన పిలకలు మేపవద్దు. వాటిలో విషపదార్థం ఉంటుంది.
– సుబాబుల్ ఆకు మొత్తం మేతలో 30 శాతం మించకూడదు. మించితే బొచ్చు రాలడం, ఎదుగుదల ఆగడం జరుగుతుంది.
– లూసర్న్, అలసంద మంచు తడితో ఉండగా, ఖాళీ కడుపున వేయవద్దు. ముందు కొద్దిగా చొప్ప వేసి, వాడబెట్టిన మేత తర్వాత ఇవ్వాలి.
– మూసీ వెంట, మురుగు కాలువల పక్కన పెరిగిన పారా గడ్డి చవకగా దొరుకుతుంది. మురుగునీటిలోని భార లోహాలు గడ్డి ద్వారా జీవాల కాలేయం, మూత్రపిండాల్లో చేరే అవకాశం ఉంది. అమ్మకానికి పెంచే పిల్లలకు దీన్ని దూరంగా ఉంచాలి.
– యూరియా శుద్ధి చేసిన గడ్డిని ఆరు నెలల లోపు పిల్లలకు వేయవద్దు.
– నట్టల మందు తాగించకుండా మంచి మేత పెడితే సగం నట్టల పాలే. మేపు మొదలుపెట్టే ముందు పశువైద్యాధికారి సలహాతో మందు తాగించండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పుట్టిన రెండు మూడు వారాలకే పిల్లలు ఆకు కొరకడం మొదలుపెడతాయి. తల్లులు మేతకు పోయినప్పుడు పిల్లల కొట్టంలో అవిశ, దశరథ గడ్డి చిన్న కట్టలు కట్టి వేలాడదీస్తే పొట్ట త్వరగా మేతకు అలవాటుపడుతుంది. తల్లిపాలు మాన్పేటప్పుడు బరువు తగ్గకుండా ఉంటుంది.

మంద మొత్తానికి ఒకేసారి చేయనక్కరలేదు. ఈసారి పుట్టిన మగపిల్లల్లో పదింటిని వేరు చేయండి. అయిదింటికి ఇప్పటి మేపే కొనసాగించి, అయిదింటికి పైన చెప్పిన మేత ఇవ్వండి. పదిహేను రోజులకోసారి, పొద్దున మేతకు ముందు, వేలాడే కాటాతో తూచి నోట్‌బుక్‌లో రాయండి. దాణా ఖర్చు పక్కనే రాయండి. రెండు నెలలకు మీ చెల్కకు, మీ మందకు, మీ నీటికి ఏ మేత గిట్టుబాటో ఆ పుస్తకమే చెబుతుంది. పది గుంటలు మేతకు వదలాలా వద్దా అన్నది ఆ లెక్క చూశాక నిర్ణయించుకోండి. కొనుగోలుదారు వచ్చినప్పుడూ ఆ పుస్తకం చేతిలో ఉంటే, కంటి అంచనా మీద కాకుండా కాటా బరువు మీద ధర అడగవచ్చు.